క్యాంపస్ పత్రికకు ఎడిటర్‌వి అయ్యావు సరే, ఇప్పుడేం చెయ్యాలి?

ఈ మధ్య మాలో ఒకరికి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. పీజీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ల యూనివర్సిటీలో విద్యార్థులే నడిపే పత్రికకు ఎడిటర్‌గా ఎంపికైంది. ఆ పత్రిక మొదలైనప్పటి నుంచి ఎస్సీ విద్యార్థి ఎవరూ ఆ బాధ్యతలో లేరని సీనియర్లు చెప్పారట. సంతోషం పంచుకోవడానికే చేసిందనుకున్నాం. కాసేపటికి అసలు మాట బయటపెట్టింది.

"అక్కా, పేరు ప్రకటించిన సాయంత్రమే మెస్‌లో ఒకడన్నాడు, ఇంకేముంది, ఇక ఇది ఎస్సీ పేపర్ అయిపోతుందని. అందరూ నవ్వారు. నాకు జవాబు తోచలేదు. అలా అవకుండా చూసుకోవాలా, అయితే తప్పేంటని అడగాలా, అదీ తెలియట్లేదు."

మేం నలుగురం పరిశోధక విద్యార్థులం. పీహెచ్‌డీ మొదటి ఏళ్లలో ఒక క్యాంపస్ పత్రికను నడిపాం. కొన్ని పనులు బాగానే చేశాం. ఒకటి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే నిద్ర పట్టనంత తప్పుగా చేశాం. ఆ చెల్లెలికి ఫోన్‌లో చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాం. ఈ ఏడాది ఇంకెక్కడో ఇంకొకరు ఇదే బాధ్యత తీసుకుని ఉంటారు, వాళ్లకు కూడా పనికొస్తుందని.

ఆ కుర్చీ లెక్క

క్యాంపస్ పత్రిక చిన్నదే. నెలకో రెండు నెలలకో వచ్చే ఎనిమిది పేజీలు. దానికింత చర్చ ఎందుకని అనిపించవచ్చు. ఎందుకో తెలియాలంటే పెద్ద పత్రికల లెక్క ఒకసారి చూడాలి.

1996లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కెన్నెత్ కూపర్ ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకున్నారు. ఎవరైనా ఉంటే చెప్పమని సీనియర్ జర్నలిస్టు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగారు. ఉనియాల్ ఎంత వెతికినా ఒక్కరూ దొరకలేదు. ముప్పై ఏళ్ల వృత్తిలో ఒక్క దళిత జర్నలిస్టునూ తాను కలవలేదని ఆయనే 'పయనీర్' పత్రికలో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే స్థానాల్లో ఉన్న 315 మంది వివరాలు సేకరించారు. అందులో దళితులు, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలు లెక్కకొచ్చాయి. అందులో 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పైన చెప్పిన ఈ రెండు అంకెలూ విలేకరులవి కావు, నిర్ణయం చేసేవాళ్లవి. మన పిల్లలు జర్నలిజం చదువుతున్నారు. జిల్లాల్లో కంట్రిబ్యూటర్లుగా, డెస్కుల్లో సబ్ ఎడిటర్లుగా పనిచేస్తున్నారు. కానీ ఏ వార్త ఏ పేజీకి వెళ్లాలో, ఏది ఆగాలో చెప్పే చోట లేరు. ఆ పని ఎవరికీ పుట్టుకతో రాదు. చేసి నేర్చుకోవాలి. కొందరికి అది నేర్చుకునే మొదటి చోటు కాలేజీ పత్రికే అవుతుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు "ఇంతకుముందు ఏం నడిపారు?" అని అడిగితే చూపించడానికి వాళ్ల దగ్గర అది ఉంటుంది. మన దగ్గర ఉండదు. ఆ తర్వాత దానికి 'అనుభవం లేదు' అని పేరు పెడతారు.

ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెలివేస్తే, వాళ్లు 'వెలివాడ' వేసుకుని చలిలో ఆరుబయట పడుకున్నారు. దేశం కళ్లు అటు తిరిగింది 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాకే. అంతకుముందు అది క్యాంపస్ వార్త. క్యాంపస్ వార్త అంటే ప్రాణాలకు సంబంధించిన వార్త కూడా కావచ్చు. దాన్ని మొదట ఎవరు రాస్తారు, ఎలా రాస్తారు అన్నది చిన్న విషయం కాదు.

బాబాసాహెబ్ పత్రికలు చెప్పే సంగతి

పత్రిక నడపడం గురించి మాట్లాడితే మనం 'మూక్‌నాయక్' దగ్గర మొదలుపెడతాం. 1920 జనవరి 31న మొదటి సంచిక వచ్చింది. ఆ తేదీని తలచుకుని దండ వేసి వదిలేయకుండా, పత్రిక నడిచిన తీరు చూస్తే కొత్త ఎడిటర్‌కు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

అప్పటికి అంబేద్కర్ సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్. పత్రిక మీద సంపాదకుడిగా ఉన్న పేరు ఆయనది కాదు, పాండురంగ నందరామ్ భట్కర్‌ది. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహరాజ్ ఇచ్చిన 2500 రూపాయలు మొదటి పెట్టుబడి. డబ్బు చెల్లిస్తామన్నా 'కేసరి' పత్రిక మూక్‌నాయక్ ప్రకటన వేసుకోలేదు. ఆ ఏడాది జులైలో అంబేద్కర్ చదువు పూర్తి చేసుకోవడానికి లండన్ వెళ్లారు. భట్కర్ తర్వాత జ్ఞానదేవ్ ఘోలప్ సంపాదకుడయ్యారు. 1923 నాటికి పత్రిక ఆగిపోయింది. 1927 ఏప్రిల్‌లో ఆయన 'బహిష్కృత భారత్' మొదలుపెట్టారు. దానిలో చాలా భాగం తానొక్కరే రాయాల్సి వచ్చింది. అదీ ఎక్కువ కాలం నిలవలేదు.

అంటే అంబేద్కర్ అంతటి మనిషి ఉన్నా, డబ్బు, ప్రకటనలు, రాసే మనుషులు, తర్వాత నడిపేవాళ్లు లేకపోతే పత్రిక నిలబడటం కష్టమైంది. అయినా ఆయన ఆపలేదు. తర్వాత 'జనత', ఆ తర్వాత 'ప్రబుద్ధ భారత్' వచ్చాయి. తెలుగు నేలలో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. 1989లో వచ్చిన 'నలుపు'తో బొజ్జా తారకం పేరు ముడిపడి ఉంది. ప్రతి తరమూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మీ చేతికొచ్చినది ఇప్పటికే నడుస్తున్న పత్రిక. మొదటి నుంచి మొదలుపెట్టే కష్టం మీకు లేదు. ఆ సౌలభ్యాన్ని తక్కువగా చూడకండి.

ఎడిటర్ పని ఎక్కడుంది?

మొదట్లో మేం ఎడిటర్ అంటే సంపాదకీయం రాసేవాడనుకున్నాం. రెండు సంచికలు తెచ్చాక అర్థమైంది, సంపాదకీయం చదివేవాళ్లు చాలా తక్కువని. పత్రిక స్వభావాన్ని తేల్చేవి వేరే మూడు పనులు.

మొదటిది, ఎవరికి ఏ పని ఇస్తామన్నది. మేం బాధ్యత తీసుకున్నప్పుడు పాత సంచికలన్నీ ముందేసుకుని ఎవరు ఏం రాశారో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. మన విద్యార్థుల పేర్లు ఏప్రిల్ సంచికలోనే కనిపించాయి, అంబేద్కర్ జయంతి వ్యాసాల కింద. యూనివర్సిటీ బడ్జెట్, లైబ్రరీ, ల్యాబులు, క్రీడలు, సినిమా, ఇవన్నీ వేరేవాళ్లవి. మనల్ని రాయనివ్వలేదని ఎవరూ అనలేరు. రాయనిచ్చారు, ఒకే విషయం మీద. మేం చేసిన మార్పు చిన్నదే. బడ్జెట్ వార్త ఎకనామిక్స్ చదివే ఎస్సీ విద్యార్థికి ఇచ్చాం. మెస్ కార్మికుల జీతాల మీద వార్తను ఒక బ్రాహ్మణ విద్యార్థిని చేసింది, బాగా చేసింది. కులం మీద రాయడం మన ఒక్కరి బాధ్యత కాదు. కులం మీద మాత్రమే రాయడం మన తలరాతా కాదు.

మెస్‌లో ఆ చెల్లెలికి ఎదురైన ఎగతాళికి మాకు తోచిన జవాబు కూడా ఇదే. ఇన్నాళ్లూ ఆ పత్రికను ఎవరూ ఒక కులం పేరుతో పిలవలేదు. ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు నడిపినా అది 'అందరి పత్రిక'గానే చెలామణీ అయింది. మనం కూర్చోగానే దానికి కులం వచ్చింది. దీనికి మాటతో జవాబు చెప్పనక్కర్లేదు. అందరి వార్తలూ ఉన్న సంచికను మనం తెచ్చి బల్ల మీద పెడితే చాలు.

రెండోది, కాపీ దిద్దడం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్‌లో రాసి ఇస్తే 'కాపీ బాలేదు' అని పక్కన పడేయడం మేం చాలాసార్లు చూశాం. అలా పక్కన పడింది భాష ఒక్కటే కాదు. ఆ పిల్లాడు మూడు రోజులు తిరిగి సేకరించిన సమాచారం కూడా. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. విలేకరి ముందు తనకు తెలిసింది తెలుగులో నోటితో చెప్పాలి. పక్కన ఒకరు కూర్చుని వింటూ ప్రశ్నలు అడగాలి. తర్వాత ఇద్దరూ కలిసి రాయాలి. వార్త కింద విలేకరి పేరే ఉండాలి. ఎక్కువ సమయం పడుతుంది, నిజమే. కానీ ఆరు నెలల్లో అదే పిల్లాడు ఇంకొకరి పక్కన కూర్చుని దిద్దడం మొదలుపెట్టాడు.

మూడోది, శీర్షిక. 'దళిత యువకుడి మృతి' అని రాస్తే అతను తనంతట తాను పోయినట్టుంటుంది. కొట్టి చంపారని ఎఫ్‌ఐఆర్‌లో ఉంటే ఆ మాట శీర్షికలో ఎందుకు రాదు? 'రెండు వర్గాల ఘర్షణ' అన్నది ఇంకొకటి. ఒక వైపు వాళ్లు కొడితే ఇంకో వైపు వాళ్లు దెబ్బలు తిన్నా, చదివేవాడికి ఇద్దరూ కొట్టుకున్నట్టే వినిపిస్తుంది. 'కులవివక్ష ఆరోపణ' అని రాయాల్సిన చోట రాయాలి, అది విచారణలో ఉన్న విషయం కాబట్టి. అయితే అధికారుల ఖండనను కూడా అదే తూకంతో, 'అధికారుల వాదన' అనే రాయాలి. ఒకరి మాటకు ఆరోపణ అని, ఇంకొకరి మాటకు వివరణ అని పేరు పెడితే తీర్పు అక్కడే ఇచ్చేసినట్టు.

మేం చేసిన తప్పు

మా నాలుగో సంచికలో ఒక వార్త వేశాం. ఒక పరిశోధక విద్యార్థినికి నెలల తరబడి గైడ్‌ను కేటాయించలేదు. ఫెలోషిప్ కాగితాల మీద సంతకం పెట్టేవాళ్లు లేరు. కారణం అడిగితే ఆమె కులం గురించి ఒక మాట విసిరారు. ఆమె మాతో మూడు గంటలు మాట్లాడింది. పేరు వేయొద్దంది, సరేనన్నాం. వేయలేదు.

కానీ డిపార్ట్‌మెంట్ పేరు వేశాం. చేరిన సంవత్సరం వేశాం. ఏ జిల్లా నుంచి వచ్చిందో కూడా వేశాం, ఆమె ఎంత దూరం నుంచి చదువుకోవడానికి వచ్చిందో పాఠకుడికి తెలియాలని. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఆ ఏడాది చేరిన ఎస్సీ మహిళ ఒక్కతే. పత్రిక బయటికొచ్చిన రోజు మధ్యాహ్నానికే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోయింది.

వార్త వల్ల పని జరిగింది. పదిహేను రోజుల్లో గైడ్‌ను ఇచ్చారు. మేం గెలిచామనుకున్నాం. ఆమె మెస్‌కు రావడం మానేసిందని మాకు ఆలస్యంగా తెలిసింది. హాస్టల్ గదికి వెళితే తలుపు దగ్గరే నిలబడి, "మీరు నా పేరు తప్ప అన్నీ రాశారు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. మేం క్షమాపణ చెప్పాం. ఆమె తలూపి తలుపు వేసుకుంది.

అగ్రకుల ఎడిటర్ ఎవరైనా ఈ పని చేసి ఉంటే మేం పెద్ద వ్యాసమే రాసేవాళ్లం. మేం మనవాళ్లం కాబట్టి మాకు జాగ్రత్త పుట్టుకతోనే ఉంటుందనుకున్నాం. ఉండదు. అది కూడా నేర్చుకోవాల్సిందే.

ఆ తర్వాత మేం పెట్టుకున్న నియమాలు ఇవి. పేరు తీసేస్తే సరిపోదు. మిగిలిన వివరాలన్నీ కలిపి చదివితే మనిషి దొరికిపోతుందేమో ఆ డిపార్ట్‌మెంట్ తెలిసినవాళ్లతో ఒకసారి చూపించుకోవాలి. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని ఊరుకోకూడదు. పేజీ తయారయ్యాక బాధితురాలికి ఆమె భాగం చదివి వినిపించాలి. వద్దంటే ఆపాలి, ప్రెస్‌కు వెళ్లే ముందు రోజైనా సరే. వార్త వచ్చాక వారం రోజులు ఎవరో ఒకరు ఆమెతో ఉండాలి, విలేకరిగా కాదు, తోటి మనిషిగా.

చట్టం కూడా కొంత చెబుతుంది. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఎ సెక్షన్ చేరి, బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కులు ఇచ్చింది. కానీ మా వార్తలో మేం ఏ చట్టాన్నీ మీరలేదు. అయినా ఆమెకు నష్టం జరిగింది. కాబట్టి చట్టం గీసిన గీత దగ్గరే ఆగిపోతే చాలదు.

మొదటి వారంలో చేయాల్సిన పనులు

కాగితాల సంగతి ముందు తేల్చుకోండి. పత్రిక ఎవరి పేరు మీద ఉంది? ప్రచురణకర్త ఎవరు? 1867 నాటి పాత చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త ప్రెస్, పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. క్రమం తప్పకుండా అచ్చవుతూ, ప్రజా వార్తలూ వ్యాఖ్యలూ వేసే పత్రికలకు అది వర్తిస్తుంది. మీ పత్రిక దాని కిందికి వస్తుందా, వస్తే నమోదై ఉందా అన్నది తెలిసిన న్యాయవాదిని అడగండి. నచ్చని వార్త వచ్చిన రోజున 'అసలు మీకు అనుమతే లేదు' అని అనే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. యూనివర్సిటీ నిధులతోనే నడిస్తే, నిధులు ఆపినా ఒక సంచిక తీసుకురాగలిగేంత విరాళం పక్కన ఉంచుకోండి. లెక్కలు ప్రతి సంచికలో వేయండి. మన చేతిలో డబ్బు ఉందంటే అనుమానంతో చూసే కళ్లు ఎక్కువ. ఆ అనుమానం అన్యాయమే, కానీ రసీదులు మన దగ్గర ఉండాలి.

సమాచార హక్కు చట్టాన్ని రిపోర్టింగ్ పనిముట్టుగా వాడండి. కేంద్ర యూనివర్సిటీలకైతే దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. రిజర్వుడు పీహెచ్‌డీ సీట్లు డిపార్ట్‌మెంట్ల వారీగా ఎన్ని నిండాయి, ఎస్సీ ఎస్టీ సెల్ ఏడాదిలో ఎన్నిసార్లు సమావేశమైంది, ఫెలోషిప్ డబ్బు ఏ నెలది ఏ తేదీన విడుదలైంది. ఇలాంటి ప్రశ్నలకు వచ్చే కాగితం మీద యూనివర్సిటీ సంతకమే ఉంటుంది. 'మీరు ఎమోషనల్‌గా రాస్తున్నారు' అన్న మాటకు అంతకన్నా మంచి జవాబు లేదు. దరఖాస్తు కూడా ఎప్పుడూ ఒక్కరి పేరుతోనే వెళ్లకుండా, మార్చి మార్చి వేయండి.

మనవాళ్ల మీద వార్త వస్తే

ఇది కష్టమైన భాగం. మనం ఎడిటర్లం కాగానే మన సంఘాలు సంతోషిస్తాయి. ఆ తర్వాత ప్రకటనలు పంపుతాయి, ఉన్నదున్నట్టు వేయమంటాయి. మేం కొన్ని వేశాం. తర్వాత చూసుకుంటే మా పత్రిక కరపత్రంలా కనిపించింది. అప్పటి నుంచి సంఘాల ప్రకటనను సమాచారంగా తీసుకుని, మేమే వార్త రాయడం మొదలుపెట్టాం. అన్నలకు కోపం వచ్చింది. ఒక అన్న కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు.

ఇంకోసారి మన సంఘంలోనే ఒక నాయకుడి ప్రవర్తన మీద ఒక అమ్మాయి ఫిర్యాదు చేసింది. 'ఇది బయటికొస్తే ఉద్యమానికి నష్టం' అన్నారు. రాత్రంతా వాదించుకుని, ఆమె కోరిక ప్రకారమే వార్త వేశాం. ఉద్యమం ఆగలేదు. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చి మాట్లాడే అమ్మాయిల సంఖ్య పెరిగింది. మన పక్షాన ఉండటమంటే మనలో బలహీనంగా ఉన్నవాళ్ల పక్షాన ఉండటమని మాకు అప్పుడు అర్థమైంది.

దిగిపోయే రోజు గురించి

ఎడిటర్ అయిన మొదటి నెలలోనే తర్వాతి ఎడిటర్ గురించి ఆలోచించాలంటే నవ్వొస్తుంది. కానీ మేం ఆలస్యం చేశాం. మా పాస్‌వర్డులు, ప్రెస్ వాళ్ల ఫోన్ నంబర్లు, దరఖాస్తుల ఫైళ్లు అన్నీ ఒకరిద్దరి దగ్గరే ఉండిపోయాయి. మా ఫీల్డ్‌వర్క్ మొదలయ్యాక ఒక సెమిస్టర్ అంతా పత్రిక రాలేదు. మూక్‌నాయక్ కథ తెలిసి కూడా అదే పని చేశాం.

కాబట్టి ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి, ఒక సీనియర్, ఒక జూనియర్. ఆ జూనియర్లలో మన కులంవాళ్లే కాదు, మనకన్నా తక్కువ అవకాశం దొరికే ఉపకులాల పిల్లలు, ఆదివాసీ పిల్లలు, ముస్లిం పిల్లలు ఉన్నారో లేదో చూసుకోవాలి. మన తర్వాత మళ్లీ మన స్నేహితుడే కూర్చుంటే మనం మార్చింది మన పేరొక్కటే. మీ చదువునూ వదలకండి. థీసిస్ పూర్తి కాకపోతే పత్రిక వల్లే చెడిపోయాడని చెప్పుకోవడానికి జనం సిద్ధంగా ఉంటారు. అలసిపోతే ఒక సంచిక వేరేవాళ్లకు అప్పజెప్పండి. సెలవు తీసుకోవడం ఓటమి కాదు.

మొన్న ఆ చెల్లెలు తన మొదటి సంచిక పంపింది. మొదటి పేజీలో హాస్టళ్లలో నీళ్ల కొరత వార్త. నాలుగో పేజీలో కబడ్డీ జట్టు మీద ఒక చక్కటి కథనం. చివరి పేజీలో పత్రిక జమాఖర్చులు. ఎడిటర్ పేరు ఎక్కడుందా అని వెతికాం. అడుగున, చిన్న అక్షరాల్లో, జట్టులోని పదకొండు పేర్ల మధ్య ఉంది. మెస్‌లో నవ్వినవాడు ఏమన్నాడని అడిగాం.

"నీళ్ల వార్త చదివాడక్కా. వాడి హాస్టల్ సంగతి వదిలేశామట, వచ్చే నెల రాస్తానంటున్నాడు."